మార్చి 21 ఉగాది: కేలండర్, పనుల షీటు (వాలంటీర్లందరూ చూడండి)

సమన్వయం: అందరికీ నమస్తే. పండగ 19, గురువారం. మన వేడుక 21, శనివారం, డాలస్‌లోనే. హాలు పొద్దున 9 నుంచి రాత్రి 9 వరకు మనది. 9కల్లా తాళం పడాలి, సర్దడానికి గంటన్నర కావాలి, కాబట్టి వేదిక మీద ఆఖరి ఐటమ్ 7:30కి అయిపోవాలి. కేలండర్‌లో "హాలు ఖాళీ" అని పెట్టిన ఎంట్రీని ఎవరూ కదపొద్దు.

వాట్సాప్ గ్రూపు మాటలకే. ఫలానా టైముకి జరిగేది కేలండర్‌లో, ఎవరో ఒకరు చేయాల్సింది గూగుల్ షీటులో. రెండుచోట్లా రాస్తే ఒకచోట మార్చి రెండోది మర్చిపోతాం.

గూగుల్ కేలండర్‌లో "ఉగాది 2026" అని విడిగా తెరిచాం. ఆరుగురు లీడ్లకి మార్చే హక్కు, మిగతావాళ్లకి చూసేది మాత్రమే. మెయిల్లో వచ్చిన లింకు ఒకసారి నొక్కండి. ఫోన్లో ఇంకా కనపడకపోతే యాప్ సెట్టింగ్స్‌లో ఆ కేలండర్‌కి సింక్ ఆన్ చేయండి. ఇక్కడ పెట్టిన రిమైండర్ పెట్టినవాళ్లకే మోగుతుంది, మీకు మోగదు! నోటిఫికేషన్ ఎవరికి వారే పెట్టుకోవాలి: ఒక రోజు ముందు ఒకటి, 2 గంటల ముందు ఒకటి. లీడ్లు పొరపాటున ఏదైనా డిలీట్ చేస్తే కంగారొద్దు, 30 రోజుల దాకా ట్రాష్‌లో ఉంటుంది.

సాంస్కృతికం: షీటు బదులు ట్రెల్లో (పనుల్ని కార్డులుగా చూపించే యాప్) పెట్టుకుంటే పోదా అండీ? ఏ పని ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది.

సమన్వయం: మనం 34 మందిమి. ఉచిత ప్లానులో వర్క్‌స్పేస్‌కి 10 మందే. చెక్‌లిస్టులో ఒక్కో లైనుకి మనిషిని, గడువుని పెట్టాలన్నా డబ్బు కట్టాలి. గూగుల్ టాస్క్స్ సొంత పనులకి బావుంటుంది గానీ ఆ లిస్టు ఇంకొకరికి షేర్ చేయలేం. షీటుకి అందం లేదు, కానీ వంటల్లో సాయానికొచ్చే పెద్దవాళ్లు కూడా తెరవగలరు.

షీటులో "ఎవరు" గడిలో ఒక్క పేరే రాయండి. "వంట జట్టు" అని రాస్తే అందరూ పక్కవాళ్లు చేస్తున్నారనుకుంటారు. "ఆగింది" అని పెడితే ఎందుకాగిందో పక్క గడిలో రాయాలి. ఒక్క కాలమ్‌నే పట్టుకుని సార్ట్ చేయకండి, పేర్లు కిందామీదా అయిపోయి పులిహోర పని పార్కింగ్ వాళ్ల మీద పడుతుంది. మీ పనులే చూసుకోవాలంటే డేటా మెనూలో ఫిల్టర్ వ్యూ చేసుకోండి, అది మిగతావాళ్ల షీటుని కదపదు. మామూలు ఫిల్టర్ పెడితే మిగతావాళ్లకీ వరుసలు మాయమవుతాయి.

వంటలు: "ఉగాది పచ్చడి" అని ఒకటే వరుస ఉంటే దాన్ని నాలుగు చేశాం. 300 మందికి, కప్పుకి 30 మి.లీ. చొప్పున 9 లీటర్లు, ఒలికేదానితో కలిపి 10. ఎండు వేపపువ్వు మార్చి 7కల్లా చేతికి రావాలి, పండగ వారంలో కొట్లలో దొరకదు. బెల్లం, చింతపండు 14కి. మామిడికాయలు 19కే, ముందు కొంటే మెత్తబడతాయి. కలపడం 21 పొద్దున 10కి, హాల్లోనే. వేపపువ్వు వడ్డించే ముందు వేయాలి, లేకపోతే పచ్చడంతా చేదెక్కి పిల్లలు ముట్టరు.

సాంస్కృతికం: విజయవాడ నుంచి జూమ్‌లో నేర్పే డాన్సు గురువుగారి రిహార్సల్ ఎంట్రీ ఆయనే పెట్టారు, ఇండియా టైమ్‌లో ఆదివారం రాత్రి 8:30 అని.

సమన్వయం: అది మార్చాలండీ. మార్చి 8న మన గడియారాలు గంట ముందుకి జరుగుతాయి, ఇండియాలో జరగవు. తేడా పదకొండున్నర గంటల నుంచి పదిన్నర గంటలకి తగ్గుతుంది. ఆయన టైమ్ జోన్‌లో ఉన్న ఎంట్రీ ఆ రోజు నుంచి మనకి పొద్దున 9కి బదులు 10కి పడుతుంది, పిల్లలు గంటసేపు ఖాళీగా కూర్చుంటారు. మనకి 9 గంటలే ఉండాలంటే పాతది తీసేసి సెంట్రల్ టైమ్‌లో (మన డాలస్ టైమ్) కొత్తది పెట్టండి. మార్చి 8 నుంచి ఆయనకి రాత్రి 7:30 అవుతుంది, కుదురుతుందో లేదో ముందే కనుక్కోండి.

సాంస్కృతికం: అడిగాం. కుదురుతుందన్నారు. మార్చేశాం.

వేదిక: 19వ వరుస, మైకు బ్యాటరీలు, "ఎవరు" ఖాళీగా ఉంది. నా పేరు వేసుకున్నా. చేతి మైకులు 4, ఒక్కోదానికి 2 సెల్స్, మధ్యలో ఒకసారి మార్చడానికి కలిపి 16 తెస్తా.