ఫిలిప్పీన్స్‌లో మా ప్రకటనలు చూస్తున్నారు, కొనడం లేదు: లోపం ఎక్కడ?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

నమస్కారం. మాది ఒక చిన్న డిజిటల్ మార్కెటింగ్ సంస్థ. ఇక్కడ తయారయ్యే మూలికల తలనూనెను ఫిలిప్పీన్స్‌లో అమ్మదలచిన ఒక వ్యాపారి తరఫున మూడు నెలలుగా ఫేస్‌బుక్ ప్రకటనలు నడుపుతున్నాము. మన దగ్గర ఫలించిన ప్రకటననే స్వచ్ఛమైన టాగలాగ్‌లోకి అనువాదం చేయించి, జీతాలు చేతికందే రోజులు కదా అని ప్రతి నెలా 5 నుంచి 12వ తేదీ వరకు ఎక్కువ డబ్బు పెట్టాము. వీడియో కింద 'హెచ్‌ఎం పో?' అని వందలకొద్దీ వ్యాఖ్యలు వస్తున్నాయి. 200 మిల్లీలీటర్ల సీసా మాత్రం కదలడం లేదు. కొందరు మా వెబ్‌సైట్‌లో కార్డు వివరాలు అడిగే పేజీ దాకా వచ్చి వెనుదిరుగుతున్నారు. అక్కడి అలవాట్లు ఎరిగినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (మనీలాలో ఉద్యోగం చేస్తున్న తెలుగువాడిని)

మీ ప్రకటన తన పని తాను చేసిందండి. ఆ తరువాత పలకవలసినవారే పలకలేదు. 'హెచ్‌ఎం' అంటే 'హౌ మచ్'. 'పో' అంటే అచ్చంగా మన 'అండి'. వందలమంది గుమ్మంలో నిలబడి 'ఎంతండీ' అని అడుగుతుంటే దుకాణంలో ఎవరూ లేరన్నమాట. ఇక్కడ కొనేవారు మెసెంజర్‌లో అమ్మేవారితో నాలుగు మాటలు మాట్లాడి, ఈ మనిషి నమ్మదగినవాడే అనుకున్నాకే డబ్బు తీస్తారు. ఒకసారి కుదిరితే ఆ ఇద్దరూ ఒకరికొకరు 'సుకి' అవుతారు. పాలవాడి దగ్గర, కూరగాయల బండి దగ్గర మనం 'వాడుక' అంటామే, దానికి చాలా దగ్గరి మాట అది. కాబట్టి ముందు వెబ్‌సైట్‌ను పక్కన పెట్టి, మెసెంజర్‌లో వెంటనే జవాబిచ్చే స్థానిక మనిషిని నియమించుకోండి. కార్డు లేనివారు చాలామంది. 2004లో మొదలైన జీక్యాష్ ద్వారా ఫోన్‌లోంచి చెల్లించే వీలు, సరుకు చేతికి వచ్చాక డబ్బిచ్చే వీలు, రెండూ ఉండాలి.

ఇక తేదీల సంగతి. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం జీతం నెలకు కనీసం రెండుసార్లు ఇవ్వాలి. సాధారణంగా 15న, నెలాఖరున ఇస్తారు. జీతానికి ముందు జేబులు ఖాళీ అయ్యే రోజులకు 'పెట్సా దే పెలిగ్రో', అంటే ప్రమాదపు తేదీలు, అని సరదాగా పేరు కూడా పెట్టుకున్నారు. మీరు డబ్బు కుమ్మరించిన 5 నుంచి 12 వరకు సరిగ్గా ఆ కష్టకాలం వైపు జారే రోజులే. 1975లో వచ్చిన 851వ అధ్యక్ష డిక్రీ ప్రకారం ఉద్యోగులకు డిసెంబరు 24 లోపు 'పదమూడో నెల జీతం' కూడా అందుతుంది. క్రిస్మస్ సందడి సెప్టెంబరులోనే మొదలవుతుంది కనుక, డిసెంబరులో మేల్కొంటే ఆలస్యమే.

జవాబు 2 (దవావ్‌లో వైద్యవిద్య చదివాను)

పై మిత్రులు చెప్పినదంతా మనీలాకు నిజమే కానీ, ఒక సవరణ అవసరం. సెబు దీవిలోనూ, దవావ్ నగరం చుట్టుపక్కలా ఎక్కువగా వినిపించే బిసాయా (సెబువానో) భాషలో 'పో' అనే మాటే లేదు. మర్యాదను అక్కడివారు గొంతుతో, పిలుపుతో చూపిస్తారు. ధరను మనీలాలో 'మగ్‌కానో' అని అడిగితే సెబులో 'తగ్‌పిలా' అంటారు. 1937లో టాగలాగ్‌ను జాతీయ భాషకు ఆధారంగా ప్రకటించిన విషయంలో సెబువానో మాట్లాడేవారికి ఇప్పటికీ కొంత కినుక ఉంది. ముంబైలో తీసిన హిందీ ప్రకటనకు పెదవులు కలవని తెలుగు మాటలు అతికిస్తే మనకు ఎంత చిరాకో తెలియనిది కాదు. పైగా స్వచ్ఛమైన టాగలాగ్ మనీలావారికే పాఠ్యపుస్తకంలా వినిపిస్తుంది. వాళ్ల నోట నడిచేది ఇంగ్లిషు కలిసిన టాగ్లిష్. అనువాదకుడికి బదులు, సెబులో పుట్టి పెరిగిన ఒక రచయితకు సీసాను చేతికిచ్చి, ప్రకటనను మొదటి నుంచీ రాయమనండి.

బాలయేసు పేరిట జనవరి మూడో ఆదివారం సెబులో జరిగే సినులోగ్ పండుగకు ప్రకటన వేయాలనిపిస్తుంది. వేయండి, కానీ బాలయేసు ప్రతిమ పక్కన నూనె సీసాను మాత్రం నిలబెట్టకండి.

జవాబు 3

ధర గురించి ఎవరూ ప్రస్తావించలేదు. 'వివరాలు మెసేజ్‌లో పంపాము' అని ధర దాచే అలవాటు అక్కడి అమ్మకందారులలో ఉన్నది. ఇది 1992 నాటి వినియోగదారుల చట్టంలోని ధర ప్రదర్శన నియమానికి విరుద్ధమని వాణిజ్య శాఖ పదేపదే చెబుతోంది. 2023లో ఆన్‌లైన్ లావాదేవీలకు ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. ధరను పెసోలలో ప్రకటనలోనే రాయండి. సౌందర్య సాధనాలను అమ్మే ముందు అక్కడి ఎఫ్‌డీఏకు (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు) తెలియజేసి అనుమతి పొందడం తప్పనిసరి. మన ప్రకటనల్లో అలవోకగా అనే 'కొత్త జుట్టు మొలుస్తుంది' వంటి మాటలు తీసేయండి, లేకపోతే మీ నూనెను మందుగా లెక్కించే ప్రమాదం ఉంది.

సీసా కదలకపోవడానికి దాని పరిమాణమూ ఒక కారణం కావచ్చు. వీధి మూలన ఉండే సారి-సారి దుకాణాలలో షాంపూ, కాఫీ, వంటనూనె అన్నీ ఏ రోజుకారోజు చిల్లరగా కొంటారు. దీన్నే 'టింగి' అంటారు. మన కిరాణా కొట్టు ముందు వేలాడే షాంపూ ప్యాకెట్ల దండలు తెలిసిన మనకు ఇది కొత్త కాదు. తెలియని దేశపు నూనెను మొదటిసారే 200 మిల్లీలీటర్లు ఎవరు కొంటారు?

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చిన్న ప్యాకెట్ల విషయం వ్యాపారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఈసారి సెబుకు వేరుగా రాయించి, 15న, 30న ప్రకటనలు నడుపుతాము. ఫేస్‌బుక్ లైవ్‌లో వస్తువు చూపిస్తుంటే 'మైన్' (నాది) అని రాసి దక్కించుకునే పద్ధతి మాకు పనికివస్తుందా?

జవాబు 1

పనికివస్తుందండి, కాకపోతే 'మైన్' అని రాసి ఆ తరువాత మాయమయ్యేవారు ఉంటారు. వారికి 'జాయ్ రిజర్వర్' అని బిరుదు కూడా ఉంది. నేనైతే కొత్తవారి దగ్గర జీక్యాష్‌లో కొంత ముందుగా తీసుకుని, సుకి అయినవారికి ఆ షరతు ఎత్తేస్తాను.