చౌక చిన్న స్పీకర్లకు పోర్టు పెట్టె మేలా, మూసిన పెట్టె మేలా?

తరంగం:

బల్ల మీద పెట్టుకుని వినడానికి ఒక జత పెట్టెలు సొంతంగా చేసుకోవాలని మూడంగుళాల ఫుల్ రేంజ్ (అన్ని స్వరాలనూ ఒక్కటే పలికించే) స్పీకర్లు రెండు తీసుకున్నాను. చౌక రకమే కనుక వాటి వెనుక 8 ఓమ్‌లు, 10 వాట్లు అన్న రెండు అంకెలు తప్ప మరే వివరమూ లేదు. ఒక్కో పెట్టె లోపలి ఖాళీ 3 లీటర్లు ఉండేలా కొలతలు వేసుకున్నాను. ఇక్కడే చిక్కు వచ్చింది. ఇంత చిన్న స్పీకర్‌కు బేస్ ఎలాగూ తక్కువే కాబట్టి పోర్టు, అంటే పెట్టె లోపలి గాలి బయటికి తెరుచుకునే గొట్టం, పెట్టి తీరాలని కొందరు, పోర్టు పెడితే ఆ ఉన్న కాస్త స్పష్టత కూడా పోతుంది కాబట్టి గాలి చొరబడకుండా మూసేయాలని మరికొందరు చెబుతున్నారు. ఎవరి అభిప్రాయం వారిదన్నట్టు కాకుండా, కారణాలతో చెప్పగలిగినవారు చెప్పాలని కోరుతున్నాను.

చెక్కపని:

పోర్టు పెట్టాలనే వారిలో నేనూ ఉన్నాను. చిన్న స్పీకర్ కోన్ (ముందుకూ వెనక్కూ కదిలే గరాటు) ఎంత గాలిని కదిలించగలదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మూడంగుళాల స్పీకర్ కోన్ వైశాల్యం సుమారు 30 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అది ఒక్కో వైపు 2 మిల్లీమీటర్లు కదులుతుందనుకుంటే, గోడకు ఆనించి పెట్టిన స్థితిలో మీటరు దూరాన 100 హెర్ట్జ్ దగ్గర అది ఇవ్వగలిగింది సుమారు 84 డెసిబెల్లు. 50 హెర్ట్జ్‌కు దిగేసరికి అది 72కు పడిపోతుంది, ఎందుకంటే పౌనఃపున్యం సగమైతే అంతే శబ్దానికి కోన్ నాలుగింతలు కదలాలి. మూసిన పెట్టెలో ఈ భారమంతా కోన్ ఒక్కటే మోయాలి. పోర్టు ఉంటే, గొట్టం కొలతలతో శ్రుతి చేసిన పౌనఃపున్యం దగ్గర కోన్ దాదాపు నిలిచిపోతుంది, శబ్దమంతా గొట్టంలోని గాలి నుంచే వస్తుంది. అంటే ఎక్కడ కోన్‌కు శక్తి చాలదో సరిగ్గా అక్కడే సాయం అందుతుందన్నమాట.

మీ 3 లీటర్ల పెట్టెకు 2.5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టాన్ని సుమారు 4.2 సెంటీమీటర్ల పొడవున కోసి పెడితే పెట్టె 90 హెర్ట్జ్‌కు శ్రుతి అవుతుంది. ఒక అంగుళం గొట్టం ముక్క కోసం ఇంత తర్జనభర్జన అవసరం లేదు.

కొలబద్ద:

చెక్కపని గారు చెప్పిన భౌతికశాస్త్రంతో నాకు పేచీ లేదు. స్పీకర్ గుణం తెలియకుండానే గొట్టం పొడవు చెప్పేయడం మీదే నా అభ్యంతరం. పెట్టెలో స్పీకర్ ఎలా పలుకుతుందో కొలిచి, లెక్కగట్టి ముందే చెప్పవచ్చని ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో చూపించారు. 1970ల తొలి సంవత్సరాల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించారు. అందుకు కావలసినవి మూడే మూడు అంకెలు: స్పీకర్ సహజ పౌనఃపున్యమైన ఎఫ్ఎస్, కోన్ ఊగిసలాట ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే క్యూటీఎస్, కోన్ అంచుల సాగే గుణానికి సమానమైన గాలి పరిమాణం వీఏఎస్. చౌక స్పీకర్లలో మాగ్నెట్ చిన్నది కాబట్టి క్యూటీఎస్ తరచుగా ఎక్కువ ఉంటుంది, అటువంటి స్పీకర్ పోర్టు పెట్టెలో గుయ్‌మంటుంది.

ఈ మూడింటినీ ఇంట్లోనే కొలవవచ్చు. స్పీకర్‌కు వరుసలో 1000 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, ఫోన్‌లోని టోన్ జనరేటర్‌ను చిన్న యాంప్లిఫయర్ ద్వారా దానికి ఇచ్చి, స్పీకర్ కొనల మధ్య వోల్టేజీని మల్టీమీటర్‌తో చూస్తూ పౌనఃపున్యాన్ని మెల్లగా మార్చండి. చాలా మల్టీమీటర్లు ఈ పరిధిలోని ఏసీని చక్కగానే చదువుతాయి. వోల్టేజీ ఎక్కడ గరిష్ఠమవుతుందో అదే ఎఫ్ఎస్. స్పీకర్ స్థానంలో తెలిసిన రెసిస్టర్ పెట్టి పోల్చుకుంటే వోల్టేజీలను ఓమ్‌లలోకి మార్చుకోవచ్చు. శిఖరం దగ్గరి ఓమ్‌లను కాయిల్ డీసీ ఓమ్‌లతో భాగించి, ఆ నిష్పత్తి వర్గమూలాన్ని డీసీ ఓమ్‌లతో గుణించండి. వచ్చిన విలువ శిఖరానికి రెండు పక్కలా ఏ పౌనఃపున్యాల దగ్గర కనిపిస్తుందో రాసుకోండి. ఆ తర్వాత కోన్ మధ్యలో ఒక గ్రాము మెత్తని బంకమట్టిని సమంగా అద్ది, ఎఫ్ఎస్ ఎంత దిగిందో చూడండి. ఈ అంకెలు వచ్చాకే మాట్లాడుకుందాం.

తరంగం:

చెప్పినట్టే కొలిచాను. రెండు స్పీకర్లకూ అంకెలు దాదాపు ఒకటే వచ్చాయి. కాయిల్ డీసీ 7.2 ఓమ్‌లు, శిఖరం 110 హెర్ట్జ్ దగ్గర 36 ఓమ్‌లు. అంటే నిష్పత్తి 5, దాని వర్గమూలం 2.24, కాబట్టి వెతకాల్సిన విలువ సుమారు 16 ఓమ్‌లు. అది 82 హెర్ట్జ్ దగ్గర ఒకసారి, 148 హెర్ట్జ్ దగ్గర ఒకసారి కనిపించింది. ఒక గ్రాము మట్టి అద్దితే శిఖరం 88 హెర్ట్జ్‌కు దిగింది.

కొలబద్ద:

ఈ కొలత నమ్మదగినదే. 82ను 148తో గుణించి వర్గమూలం తీస్తే మళ్లీ 110 వస్తోంది. ఆ రెండు పక్కల అంకెల్లో ఒకటి తప్పి ఉంటే ఇలా కుదరదు. లెక్క చేస్తే ఊగిసలాటను కోన్ అంచులు అణిచే తీరు చెప్పే యాంత్రిక క్యూ 3.73, మాగ్నెట్, కాయిల్ అణిచే తీరు చెప్పే విద్యుత్ క్యూ 0.93, రెండూ కలిసిన క్యూటీఎస్ సుమారు 0.75. కదిలే భాగాల బరువు 1.8 గ్రాముల లోపు, వీఏఎస్ సుమారు ఒకటిన్నర లీటర్లు.

మూసిన పెట్టెలో ఎఫ్ఎస్, క్యూ రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి; వీఏఎస్‌ను పెట్టె పరిమాణంతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీస్తే ఆ నిష్పత్తి వస్తుంది. మీ 3 లీటర్లలో క్యూ 0.91కి, సహజ పౌనఃపున్యం 135 హెర్ట్జ్‌కు చేరతాయి. స్పందనలో, అంటే ఏ పౌనఃపున్యం ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గీతలో, ఉబ్బు ఒక డెసిబెల్ కూడా ఉండదు, సుమారు 111 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్లు తగ్గి, అక్కడి నుంచి నెమ్మదిగా దిగుతుంది. పెట్టెను ఒకటిన్నర లీటర్లకు కుదిస్తే మాత్రం క్యూ 1.06 అయి, 210 హెర్ట్జ్ ప్రాంతంలో ఒకటిన్నర డెసిబెల్లకు పైగా ఉబ్బు వస్తుంది. మగ గొంతులు బరువెక్కినట్టు వినిపించేది అందుకే. కాబట్టి 3 లీటర్లు మంచి ఎంపిక. లోపల పాలిస్టర్ దూది వదులుగా నింపితే పెట్టె ఇంకాస్త పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది.

ఇక చెక్కపని గారు సూచించిన 90 హెర్ట్జ్ పోర్టును ఇదే స్పీకర్‌తో లెక్కిస్తే, 110 నుంచి 180 హెర్ట్జ్ వరకు మూడున్నర, నాలుగు డెసిబెల్ల వెడల్పాటి గుట్ట కనిపిస్తోంది. అది బేస్ కాదు, బేస్ ఉన్నట్టు అనిపించే మోత.

చెక్కపని:

కొలబద్ద గారి లెక్కలోనే నాకు అనుకూలమైన అంకె ఒకటి ఉంది. ఎఫ్ఎస్‌ను విద్యుత్ క్యూతో భాగించినప్పుడు 50 కన్నా తక్కువ వస్తే మూసిన పెట్టె, 100 దాటితే పోర్టు అన్నది పెట్టెలు చేసేవారందరూ వాడే సూత్రం. 110ని 0.93తో భాగిస్తే 118 వస్తోంది. పైగా అదే పోర్టు లెక్కలో 3 డెసిబెల్లు తగ్గేది సుమారు 70 హెర్ట్జ్ దగ్గర, మూసిన పెట్టెలో 111 దగ్గర. ఇంత తేడాను చిన్నదిగా చూడలేం.

కొలబద్ద:

ఆ సూత్రం పెద్ద వూఫర్లకు (బేస్ పలికించే స్పీకర్లకు) సరిపడే కొండగుర్తు. దానిలో పౌనఃపున్యం నేరుగా లెక్కలోకి వస్తుంది కనుక, ఎఫ్ఎస్ 110 ఉన్న చిన్న స్పీకర్ మాగ్నెట్ కొంత బలహీనమైనా సులభంగా వంద దాటేస్తుంది. స్పందన ఆకారాన్ని నిర్ణయించేవి క్యూటీఎస్, వీఏఎస్‌కు పెట్టెకు ఉన్న నిష్పత్తి, శ్రుతికి ఎఫ్ఎస్‌కు ఉన్న నిష్పత్తి. ఎఫ్ఎస్ ఆ ఆకారాన్ని కిందికో పైకో జరుపుతుందే తప్ప మార్చదు. 0.75 క్యూటీఎస్‌తో చదునైన పోర్టు స్పందన కోరుకోవడం అత్యాశ.

అంతకన్నా ముఖ్యమైనది కోన్ భద్రత. మూసిన పెట్టెలో గాలి స్ప్రింగులా కోన్‌ను ఎప్పుడూ వెనక్కి లాగుతుంది. 1954లో అమెరికా ఆవిష్కర్త ఎడ్గర్ విల్చర్ తన స్పీకర్లకు ఆధారం చేసుకున్నది ఈ గుణాన్నే. పోర్టు పెట్టెలో శ్రుతి కన్నా కింద ఆ పట్టు సడలిపోయి, కోన్ గాలిలో వేలాడుతున్నట్టే కదులుతుంది. శబ్దం ఆక్టేవుకు (పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ) 24 డెసిబెల్ల చొప్పున పడిపోతుంది కానీ కోన్ కదలిక ఆగదు. రెండు మిల్లీమీటర్లే కదలగలిగే కోన్‌కు ఇది చేటు. మూసిన పెట్టె ఆక్టేవుకు 12 డెసిబెల్లతో దిగుతుంది, పైగా గోడ దగ్గర పెడితే గది ఇచ్చే సాయంతో ఆ లోటు కొంత పూడుతుంది.

శ్రుతిలయ:

ఇద్దరూ 200 హెర్ట్జ్ కింద జరిగేదాని గురించే పోట్లాడుకుంటున్నారు. ఇంత చిన్న స్పీకర్‌లో మనం ఎక్కువసేపు వినేది గొంతును, దాన్ని చెడగొట్టేది వేరే ఉంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ పెట్టె ముందు పలక అద్దంలా పనిచేసి శబ్దాన్ని ముందుకే పంపుతుంది. తగ్గేకొద్దీ శబ్దం పలకను చుట్టుకుని వెనక్కి కూడా పోతుంది. ఫలితంగా ఖాళీ జాగాలో కింది స్వరాలు 6 డెసిబెల్ల దాకా నష్టపోతాయి. ఈ మార్పు మధ్య బిందువు కోసం 115ను పలక వెడల్పు మీటర్లతో భాగించాలి. పలక 15 సెంటీమీటర్లు అయితే అది 767 హెర్ట్జ్, అంటే గొంతుకు సరిగ్గా నడుమ. చౌక స్పీకర్లు పీలగా, గీసినట్టు పలుకుతాయని అందరూ స్పీకర్‌నే నిందిస్తారు కానీ, అందులో పెద్ద వాటా ఈ పలకదే.

స్పీకర్‌కు వరుసలో 1 మిల్లీహెన్రీ కాయిల్, దానికి సమాంతరంగా 4.7 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే పై స్వరాలు సుమారు 4 డెసిబెల్లు తగ్గి గొంతుకు నిండుదనం వస్తుంది. మొత్తం శబ్దం ఆ మేరకు తగ్గుతుందన్నది నిజమే, కానీ బల్ల మీద ఎదురుగా కూర్చుని వినేవారికి అది అడ్డు కాదు. గోడకు ఆనించి పెట్టేవారికి ఇంత దిద్దుబాటు అవసరం రాదు.

పోర్టు మీద నాకున్న ఫిర్యాదు కూడా ఈ గొంతు గురించే. కోన్ వెనుక నుంచి వెలువడే మధ్య స్వరాలు గొట్టం గుండా బయటికి వస్తాయి. పెట్టాలనే అనుకుంటే వెనుక పలకకు పెట్టండి.

చెక్కపని:

శ్రుతిలయ గారి మాటతో నా వాదన ఇంకా బలపడుతోంది. కింది స్వరాలు ఎలాగూ నష్టపోతున్నప్పుడు, అక్కడ రెండు డెసిబెల్లు ఎత్తుగా ఉండటం దోషం ఎలా అవుతుంది? ఇప్పుడు చేతిలో అంకెలున్నాయి కనుక శ్రుతిని 70 హెర్ట్జ్‌కు దించి లెక్క చూశాను. గుట్ట రెండు డెసిబెల్లకు తగ్గింది, స్పందన 60 హెర్ట్జ్ దాకా సాగుతోంది. గొట్టం పొడవు అదే వ్యాసానికి 8.1 సెంటీమీటర్లు. 70 హెర్ట్జ్ దగ్గర 84 డెసిబెల్లు రావాలంటే గొట్టంలో గాలి సెకనుకు 11 మీటర్ల వేగంతో కదలాలి. అంచులు గుండ్రంగా గీస్తే బుసకొట్టకుండా సరిపోతుంది. గొట్టాన్ని ఇంకా లావు చేస్తే పొడవు పెరిగి చిన్న పెట్టెలో పట్టదు.

కోన్ భద్రత మాట న్యాయమే. అందుకు యాంప్లిఫయర్‌కు ముందే కింది పౌనఃపున్యాలను ఆపాలి. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (నిరోధం) 20 వేల ఓమ్‌లు ఉంటే, వరుసలో 0.15 మైక్రోఫారడ్ కెపాసిటర్ 53 హెర్ట్జ్ నుంచి తగ్గించడం మొదలుపెడుతుంది.

కొలబద్ద:

ఒక్క కెపాసిటర్ ఆక్టేవుకు 6 డెసిబెల్లే తగ్గిస్తుంది, అది సరిపోదు. యాంప్లిఫయర్ బోర్డులో డీఎస్పీ (ధ్వనిని అంకెలుగా మార్చి దిద్దే చిప్) ఉండి, నిటారుగా కోసే ఫిల్టర్ పెట్టగలిగితే 70 హెర్ట్జ్ పోర్టుకు నేను అడ్డు చెప్పను. అది లేనివారు, ముఖ్యంగా కొంచెం గట్టిగా వినేవారు, మూసేయడమే మంచిదన్న మాట మీదే ఉంటాను. సామాన్యంగా సాయంత్రాల వేళ మెల్లగా వినేవారికి మాత్రం ఈ ప్రమాదం అంతగా ఎదురుకాదు.

చెక్కపని:

అయితే తరంగం గారు రెండింటికీ వీలున్న పెట్టె చేయవచ్చు. 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) ఇంత చిన్న పెట్టెకు చాలు. కోసేటప్పుడు ఆ పొడి లోపలికి పోకుండా మాస్కు తప్పనిసరి. స్పీకర్ రంధ్రానికి వెనుక వైపు అంచును 45 డిగ్రీలకు వాలుగా చెక్కండి. మూడంగుళాల స్పీకర్ వెనుక ఖాళీ చాలా ఇరుకు, పలక మందం దాన్ని ఒక సొరంగంలా మార్చి మధ్య స్వరాలను బంధిస్తుంది. కీళ్లన్నీ లోపలి నుంచి చెక్క జిగురుతో పూయండి. వెనుక పలకను మాత్రం నురుగు పట్టీ మీద స్క్రూలతో బిగించి, అందులో గొట్టానికి రంధ్రం చేసి, దానికి బిగుతుగా పట్టే రబ్బరు మూత ఒకటి సిద్ధం చేసుకోండి.

మూత ఉంచి కోన్‌ను వేళ్లతో సమంగా లోపలికి నొక్కి వదిలితే అది నెమ్మదిగా వెనక్కి రావాలి. టక్కున వస్తే ఎక్కడో గాలి పోతోంది. ఆ తర్వాత మీరు ముందు చేసిన 1000 ఓమ్‌ల కొలతే మళ్లీ చేయండి. మూసినప్పుడు 135 హెర్ట్జ్ దగ్గర ఒకే శిఖరం కనిపించాలి. మూత తీసి గొట్టం పెడితే రెండు శిఖరాలు, వాటి మధ్య ఒక లోయ వస్తాయి. ఆ లోయ అడుగే మీ పెట్టె శ్రుతి. అది 70 కన్నా పైన ఉంటే గొట్టం పొడుగు చేయాలి, కింద ఉంటే కొంచెం కోయాలి. కోస్తే మళ్లీ అతకదు కనుక మొదట 9 సెంటీమీటర్లు ఉంచి, కొలుస్తూ తగ్గించుకు రండి.