అప్‌డేట్: అమ్మ కంటి ఎరుపు, తలలో హోరు – కారణం తెలిసింది

పర్లాకిమిడి నుంచి మా అమ్మ ఎడమ కన్ను గురించి అడిగినది నేనే. మూడు నెలలుగా తగ్గని ఎరుపు, ముందుకు ఉబ్బిన కనుగుడ్డు, ఒకటి రెండుగా కనిపించడం, పడుకుంటే నాడితోపాటు తలలో కొట్టుకునే హోరు అప్పటి లక్షణాలు. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా హోరు సంగతి డాక్టరుకు తప్పక చెప్పమన్నవారికి, ఎందుకంటే అది వయసుతో వచ్చే చెవి బాధ అనుకుని మేము ఎక్కడా చెప్పనేలేదు.

ఈసారి హోరు సంగతి చెప్పగానే బరంపురంలోని నేత్రవైద్యురాలు మూసిన కనురెప్పపై స్టెతస్కోపు ఆనించి విన్నారు. తెల్లగుడ్డుపై రక్తనాళాలు మెలితిరిగి ఉన్నాయని, కంటి లోపలి ఒత్తిడి 28 ఉందని, అది ఎక్కువేనని చెప్పి ఎం.ఆర్.ఐ. రాశారు. అందులో కంటి వెనుక సిర ఉబ్బి కనిపించింది. విశాఖపట్నంలో చేసిన డి.ఎస్.ఏ. యాంజియోగ్రామ్‌తో (రక్తనాళాల్లోకి రంగుమందు పంపి ఎక్స్‌రేలో చూసే పరీక్ష) కెరోటిడ్ కావెర్నస్ ఫిస్టులా అని తేలింది. అంటే, ధమని రక్తం నేరుగా కంటి వెనుకనున్న కావెర్నస్ సైనస్ అనే సిరల గదిలోకి చేరి, అక్కడి నుంచి కంటి సిరల్లోకి ఎదురు పారుతోంది. తలకు దెబ్బ తగిలినవారికే ఇది వస్తుందనుకున్నాను. అమ్మకు ఏ దెబ్బా తగలలేదు. నెమ్మదిగా పారే రకం ఒక్కోసారి దానంతటదే మూసుకుపోతుందట, కానీ చూపు తగ్గుతున్నందున ఆగలేదు. తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, ప్లాటినం కాయిల్స్‌తో (సన్నని తీగచుట్టలతో) ఆ దారిని మూసేశారు.

హోరు మర్నాటికే పోయింది. ఎరుపు తగ్గడానికి ఆరు వారాలు పట్టింది. రెండుగా కనిపించడం పక్కకు చూసినప్పుడు ఇంకా కొంత ఉంది. కన్ను ఉబ్బడానికి థైరాయిడ్ కారణమేమోనని చేసిన పరీక్షలు మామూలుగానే వచ్చాయి. ఇది కండ్లకలక కాదు కనుక ఆ చుక్కల మందుతో తగ్గేది కాదు.