హైదరాబాద్ నుంచి డాలస్: అమ్మ ఒక్కపొద్దు ఎన్ని గంటలు?

తెనాలి_కుర్రాడు:
జూన్‌లో మా అమ్మ మొదటిసారి, అదీ ఒంటరిగా, డాలస్‌లో అక్క దగ్గరికి వెళ్తోంది. హైదరాబాద్‌లో శనివారం తెల్లవారుజామున 4:00కి ఎక్కి దుబాయ్‌లో 6:20కి దిగాలి. అక్కడ 9:40కి ఇంకో విమానం. డాలస్ చేరేది అదే శనివారం సాయంత్రం 4:50కి. నాన్న వేళ్ల మీద లెక్కేసి "పదమూడు గంటలేగా" అంటున్నారు. నెట్‌లో దూరం 14,400 కిలోమీటర్లని ఉంది. గంటకి 900 వేసుకున్నా పదహారు గంటలు రావాలి. ఏది నమ్మాలి? అసలు చిక్కు, అమ్మకి శనివారం ఒక్కపొద్దు. పొద్దుగూకి దీపం పెట్టాకే టిఫిన్.

మ్యాపు_పిచ్చోడు:
రెండూ కాదు. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. నాన్నగారి 12:50కి అది కలిపితే 23 గంటల 20 నిమిషాలు. అందులో దుబాయ్ నుంచి ఏకబిగిన 16 గంటల 10 నిమిషాలు.
14,400 అనేది గ్లోబు మీద దారం లాగిపట్టిన దూరం. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు, డాలస్ 97 పడమర, దాదాపు చెరో పక్క. అందుకే ఆ దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. ఆ దారిన నేరుగా వెళ్లే విమానం లేదు. దుబాయ్ మీదుగా 2,550, 12,900 కలిపి 15,450 కిలోమీటర్లు.

ప్లేనో_పిన్ని:
అబ్బాయ్, గంటలు సరే, పొద్దు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ రెండో విమానం బాగా ఉత్తరంగా ఎక్కి పడమరకి పోతుంది. జూన్‌లో నేను కిటికీ తెర ఎత్తినప్పుడల్లా ఎండే. దిగాక కూడా డాలస్‌లో ఎనిమిదిన్నరకి గానీ పొద్దు గూకదు. అప్పుడు మనకి ఆదివారం ఉదయం ఏడు! అంటే విమానం ఎక్కినప్పటి నుంచి ఇరవై ఏడు గంటలు. మా అత్తగారు అలాగే మొండికేసి ఇమిగ్రేషన్ లైన్లో కళ్లు తిరిగి కూలబడ్డారు.
అమ్మగారి వాచీ తిప్పనివ్వకు. సాయంత్రం ఆరూ నలభైకి తెనాలిలో దీపాలు పెడతారుగా, ఆ వేళకి తినమను. అప్పటికి రెండో విమానం బయల్దేరి ఏడున్నర గంటలవుతుంది. ఏషియన్ వెజిటేరియన్ మీల్ ముందే చెప్పి పెట్టు. వీల్‌చెయిర్ కూడా రాయించు. నడవలేక కాదు, దుబాయ్‌లో గేటు వెతుక్కునే టెన్షన్ తప్పుతుంది. మాత్రలు చేతిసంచిలోనే.

తెనాలి_కుర్రాడు:
తిరుగు టికెట్‌లో డాలస్, దుబాయ్ మధ్య 14 గంటల 40 నిమిషాలే అని ఉంది. తప్పు పడిందా?

మ్యాపు_పిచ్చోడు:
లేదు. పైన పడమర నుంచి తూర్పుకి వీచే జోరుగాలి, జెట్ స్ట్రీమ్, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది.

తెనాలి_కుర్రాడు:
పిన్నిగారూ, అమ్మకి చదివి వినిపించాను. తెనాలి వాచీకి ఒప్పుకుంది. "మరి దీపం? విమానంలో అగ్గిపుల్ల గీయనిస్తారా?" అని మళ్లీ మొదలుపెట్టింది. ఆరూ నలభైకి నాన్న ఇంట్లో వెలిగించేట్టు రాజీ కుదిరింది. వత్తులెక్కడుంటాయో ఆయనకి ఇప్పటినుంచే చూపిస్తోంది.