పడుకున్న ఫోర్క్, పొడవైన సైకిల్: మలుపు తిరగనిది సైకిలా, నడిపేవారా?

కొండగాలి (సియాటిల్):

ఆరేళ్లు నడిపిన ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా కుదుపులు మింగే అమరిక ఉన్న) కొండ సైకిల్‌ను అమ్మేసి, ఇప్పటి తరహా పొడవైనదాన్ని ఈ నెలలోనే కొన్నాను. పాతదాని హెడ్ యాంగిల్, అంటే ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్ నేలతో చేసే కోణం, 67 డిగ్రీలు, దీనిది 64; కోణం తగ్గేకొద్దీ ఫోర్క్ పడుకుంటుంది. రీచ్ (పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైభాగం వరకు అడ్డంగా ఉండే దూరం) 440 మి.మీ. నుంచి 480కి, ఇరుసుల మధ్య దూరం 1,180 నుంచి 1,250కి పెరిగాయి. చైన్‌స్టే (పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసు వరకు ఉండే భాగం) పొడవు మాత్రం రెండింటికీ 435 మి.మీ.యే. మా ఊరి దగ్గరి ఈస్ట్ టైగర్ మౌంటెన్ మీద మొదటి సవారీలో నాకు కలిగిన అభిప్రాయాలను ఇక్కడ ఉంచి, మీ మాట వినాలనుకుంటున్నాను.

ఎక్కడం ఊహించినదానికన్నా తేలికగా సాగింది. పాత సైకిల్ మీద నిటారు ఎక్కుడు వస్తే ముందు చక్రం లేవకుండా హ్యాండిల్ మీదికి పూర్తిగా వంగవలసి వచ్చేది. దీని సీటు ట్యూబ్ (సీటును మోసే గొట్టం) 77 డిగ్రీలు ఉండడంతో కూర్చున్న చోటు నుంచి కదలకుండానే తొక్కగలిగాను. కానీ నేను ఎక్కే దారిలో వెనక్కి మళ్లే ఇరుకు మలుపులు నాలుగున్నాయి, నాలుగింటిలోనూ కాలు కింద పెట్టాను. నడక వేగంలో హ్యాండిల్‌ను కొంచెం తిప్పేసరికి ముందు చక్రం దానంతటది లోపలికి వాలిపోతోంది.

దిగడానికి, ఒకప్పుడు కలప మోసిన రైలు దారి మీదుగా పోయే ప్రెస్టన్ బాట పట్టాను. వాన వెలిసిన మర్నాడు కావడంతో బాట మీది చెట్ల వేళ్లన్నీ నల్లగా, సబ్బు రాసినట్టు నున్నగా ఉన్నాయి. పాత సైకిల్‌ను ఎటు విసిరేస్తాయోనని భయపడే ఆ వేళ్ల మీద ఇది గీత గీసినట్టు పోయింది. అదే సైకిల్ చదునైన మలుపుల్లో రెండుసార్లు ముందు టైరు పట్టు వదిలి బయటికి జారింది. కిందికి దిగాక, ఫోర్క్ ఎంత లోపలికి నొక్కుకుందో చూపే ఫోర్క్ కాలి మీది రబ్బరు రింగు చూస్తే, 160 మి.మీ. ప్రయాణంలో 50 మి.మీ. వాడకుండానే మిగిలి ఉంది. వెనక షాక్ రింగు మాత్రం చివరి వరకూ జరిగింది. తప్పు సైకిల్‌దా, నాదా?

గుట్టలసవారీ (హైదరాబాద్):

తప్పు మీది కాదని నా అభిప్రాయం. నేను 68 డిగ్రీల హెడ్ యాంగిల్, 120 మి.మీ. ఫోర్క్ ఉన్న హార్డ్‌టెయిల్‌తో (వెనక సస్పెన్షన్ లేని సైకిల్‌తో) ఖాజాగూడ బండల మీద, అనంతగిరి అడవి బాటల్లో తిరుగుతుంటాను. ఇక్కడ రెండు రాళ్ల సందులోంచి చక్రాన్ని దూర్చి వెంటనే పక్కకు తిప్పవలసిన చోట్లే ఎక్కువ; పొడవైన ఏటవాలు దిగుడు చాలా అరుదు. అధిక వేగానికి రూపొందించిన సైకిల్‌ను అందరికీ ఆధునికమని అమ్మి, అది తిరగకపోతే నడిపేవారి నేర్పును తప్పుపట్టడం న్యాయం కాదు. మనిషి సైకిల్‌కు తగ్గట్టు మారాలా, సైకిల్ మనిషికి తగ్గట్టు ఉండాలా? ఇంకొక సందేహం కూడా ఉంది. ఫోర్క్‌లో గాలి ఎక్కువైనా రింగు అక్కడే ఆగుతుంది కదా?

ఇరుసు (బెల్లింగ్‌హామ్):

ఇది ఒక్కసారిగా వచ్చిన మార్పు కాదు. 1990లలో కొండ సైకిళ్లకు 71 డిగ్రీల హెడ్ యాంగిల్, హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే పొడవాటి స్టెమ్ ఉండేవి. అమెరికా సైకిల్ తయారీదారు గ్యారీ ఫిషర్ 1998 నాటికే జెనెసిస్ పేరుతో ఫ్రేమును పొడిగించి స్టెమ్‌ను కురచ చేశారు. స్పెయిన్‌కు చెందిన మోండ్రేకర్ సంస్థ 2012లో 10 మి.మీ. స్టెమ్ వరకూ వెళ్లింది. మా ఊరి ట్రాన్సిషన్ సంస్థ 2017లో ఫోర్క్ ఆఫ్‌సెట్‌ను (స్టీరింగ్ గీతకన్నా ముందు ఇరుసు ఎంత ముందుకు ఉంటుందో ఆ దూరాన్ని) తగ్గించి, 29 అంగుళాల చక్రానికి 51 మి.మీ. బదులు 44 వాడింది.

కొండగాలి గారి కొలతలతో నేను లెక్క వేశాను. 29 అంగుళాల చక్రానికి హెడ్ యాంగిల్ 67, ఆఫ్‌సెట్ 51 అయితే ట్రెయిల్, అంటే స్టీరింగ్ గీత నేలను తాకే చోటుకీ టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం, సుమారు 102 మి.మీ.; యాంగిల్ 64, ఆఫ్‌సెట్ 44 అయితే సుమారు 131. వేగంలో చక్రాన్ని తిన్నగా ఉంచేదీ, నెమ్మదిగా పోయేటప్పుడు లోపలికి వాల్చేదీ ఈ పెరుగుదలే. ఒకటి కావాలంటే రెండోదాన్నీ భరించాలి.

టైరు జారడానికి కారణం వేరు. బరువంతా పెడల్స్ మీదే వేసి నిటారుగా నిలబడితే ముందు చక్రానికి అందే వాటా, చైన్‌స్టేను ఇరుసుల మధ్య దూరంతో భాగిస్తే వచ్చేదానికి ఇంచుమించు సమానం. పాత సైకిల్‌లో అది దాదాపు 37 శాతం, కొత్తదానిలో 35. ఆ కాస్త లోటును ఛాతీ ముందుకు తెచ్చి మనమే పూడ్చాలి. పాత సైకిళ్లు బోర్లా పడేస్తాయన్న భయంతో దిగుడులో వెనక్కి జరగడం నేర్చుకున్నవాళ్లం ఇప్పటికీ అదే చేస్తున్నాం. గుట్టలసవారీ గారి మాటలో నిజం లేకపోలేదు: ముందు భాగాన్ని 70 మి.మీ. పొడిగించి, చైన్‌స్టేను మాత్రం అన్ని సైజులకూ ఒకే కొలతలో వదిలేసే తయారీదారులు తమ పనిని నడిపేవారి మీదికి నెడుతున్నారు. పొడుగువారికి పెద్ద ఫ్రేము ఇచ్చినప్పుడు వెనక భాగం కూడా పెరగాలి.

కొండగాలి:

గాలి సంగతి తేలాలని, నిన్న ఫోర్క్‌లోనూ షాక్‌లోనూ అదే పీడనంతో అదే బాటకు మళ్లీ వెళ్లాను. హ్యాండిల్ కాస్త దిగేలా దాని కింది స్పేసర్ (సన్నని రింగు) ఒకటి తీసి పైన వేశాను, సీటును పట్టాల మీద 10 మి.మీ. ముందుకు జరిపాను. మలుపుకు ముందే మోచేతులు బయటికి తెరిచి, గడ్డం స్టెమ్ మీదికి వచ్చేలా వంగాను. మొదటి మూడు మలుపుల్లో శరీరం మాట వినలేదు, భయం వేసినప్పుడల్లా వెనక్కే లాగింది. నాలుగో దాంట్లో ముందు టైరు మట్టిని కొరికి పట్టుకున్న సంగతి అరచేతులకు తెలిసింది. కిందికి వచ్చి చూస్తే ఫోర్క్ రింగు పైన 20 మి.మీ. మాత్రమే మిగిలింది. నేల మొదటి రోజుకన్నా పొడిగా ఉందని ఒప్పుకుంటాను, కానీ పీడనం మారకుండా రింగు 30 మి.మీ. పైకి జరిగిందంటే ముందు చక్రం మీద బరువు పెరిగినట్టే; దిగుడులో జారుడుకు చాలా వరకు నేనే కారణం.

గుట్టలసవారీ:

దిగుడు విషయంలో ఒప్పుకుంటున్నాను. నా ప్రశ్న మాత్రం ఎక్కుడులోని ఆ నాలుగు మలుపుల గురించే. నా బాటలన్నీ అలాంటివే, అక్కడ వంగడానికి వేగమే ఉండదు.

కొండగాలి:

నిన్న రెండింటిలో ఆగకుండా తిరిగాను. మలుపు బయటి అంచు పట్టుకుని, వెనక బ్రేకును తేలికగా నొక్కుతూ, హ్యాండిల్‌ను వాలనివ్వకుండా లోపలి చేత్తో ఆపి పట్టవలసి వచ్చింది. మిగిలిన రెండింటిలో కాలు పెట్టాను. ఆ రెండూ నా పాత సైకిల్ ఏ ప్రయత్నమూ లేకుండా తిరిగిన మలుపులే.