చదువు తక్కువైతే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ముప్పు పెరుగుతుందా?

ప్రశ్న (రాసినవారు: చిన్నచెల్లెలు)

అందరికీ నమస్కారం. మా అక్కయ్యకు నలభై రెండో ఏట రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేయడం వల్ల వచ్చే కీళ్లవాతం) ఉన్నట్లు ఈ మధ్యనే తేలింది. అంతకు ముందు ఆరు నెలలుగా ఉదయం లేవగానే ఆమెకు పిడికిలి బిగిసేది కాదు. గంటన్నర గడిస్తే తప్ప జడ వేసుకోవడానికి గానీ, సీసా మూత తిప్పడానికి గానీ వేళ్లు లొంగేవి కావు. కీళ్ల అరుగుదల అనుకుని నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాం. చివరికి రక్తపరీక్షలో ఈ జబ్బును సూచించే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే ప్రతిరక్షకాలు రెండూ పాజిటివ్‌గా వచ్చాయి.

అక్కయ్య ఎనిమిదో తరగతితో చదువు ఆపేసింది. నేనూ తమ్ముడూ పీజీ దాకా చదివాము. మొన్న బంధువు ఒకరు పరామర్శకు వచ్చి, చదువు తక్కువ ఉన్నవాళ్లకే ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని తాను ఎక్కడో చదివినట్లు ఆమె ఎదుటే చెప్పారు. అక్కయ్య అప్పుడు ఏమీ అనలేదు గానీ, రాత్రి పడుకోబోయే ముందు నన్ను ఒకటే అడిగింది: "నేను చదువుకుని ఉంటే ఇది వచ్చేది కాదా?" నాకు జవాబు తోచలేదు. ఆ బంధువు చెప్పిన మాటలో నిజమెంత? నిజమే అయితే, కీళ్లకూ చదువుకూ సంబంధం ఏమిటి? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1 (రాసినవారు: లెక్కలపిచ్చి)

చిన్నచెల్లెలు గారూ, ఆ మాటకు ఆధారం ఉంది. అయితే ఆ ఆధారం చెప్పేదాని కంటే మీ బంధువు చాలా ఎక్కువే చెప్పారు.

స్వీడన్‌లో 1996 నుంచి ఈఐఆర్ఏ అనే పెద్ద అధ్యయనం నడుస్తోంది. కొత్తగా ఈ జబ్బు బయటపడినవారినీ, అదే వయసు, అదే ప్రాంతం, అదే లింగానికి చెందిన జబ్బు లేనివారినీ పక్కపక్కన పెట్టి పోల్చడం దాని పద్ధతి. ఆ సమాచారంతో 2005లో వెలువడిన విశ్లేషణలో, విశ్వవిద్యాలయ పట్టా ఉన్నవారితో పోలిస్తే లేనివారికి ముప్పు దాదాపు 1.4 రెట్లు ఉన్నట్లు కనిపించింది. మరుసటి ఏడాది డెన్మార్క్ పరిశోధకులు, అతి తక్కువ చదివినవారి కంటే అతి ఎక్కువ చదివినవారిలో ముప్పు సుమారు సగమే ఉందని ప్రకటించారు. ఆ తేడా కూడా ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్‌గా ఉన్న రకంలోనే కనబడింది.

ఇక్కడ 1.4 రెట్లు అంటే ఏమిటో విడమరచి చూడాలి. లెక్క కోసం, పట్టా ఉన్న వెయ్యి మందిలో పది మందికి జీవితకాలంలో ఈ జబ్బు వస్తుందనుకుందాం. అలాంటప్పుడు పట్టా లేని వెయ్యి మందిలో పద్నాలుగు మందికి వస్తుంది. అంటే చదువుకోని 986 మందికి రాదు, చదువుకున్న పది మందికి వస్తుంది. జనాభా మొత్తాన్ని చూసేవారికి ఆ నలుగురి తేడా పెద్దదే, కానీ ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "నీకు ఇందువల్లే వచ్చింది" అనడానికి అది ఏ మాత్రం చాలదు.

ఇక కీళ్లకూ చదువుకూ సంబంధం ఏమిటన్నది. పట్టా కాగితం కీళ్లను కాపాడదు. చదువు ఎన్నేళ్లు సాగిందన్నది, ఆ మనిషి తర్వాత ఏ పని చేశాడు, ఏ గాలి పీల్చాడు, ఏం తిన్నాడు అన్నవాటికి గుర్తుగా నిలుస్తుంది. వాటిలో ముఖ్యమైనది పొగతాగడం. పొగ వల్ల ఊపిరితిత్తుల్లోని ప్రోటీన్లు సిట్రులినేషన్ అనే రసాయనిక మార్పుకు లోనవుతాయి. హెచ్‌ఎల్‌ఏ డీఆర్‌బీ1 జన్యువులో కొన్ని రకాలు ఉన్నవారి రోగనిరోధక వ్యవస్థ ఆ మారిన ప్రోటీన్లను పరాయివిగా భావించి ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. యాంటీ సీసీపీ పరీక్ష వెతికేది వాటినే. స్వీడన్ పరిశోధకులు 2006లో చూపిన లెక్క ప్రకారం, ఆ జన్యురకం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమించి, పైగా పొగతాగేవారికి యాంటీ సీసీపీ పాజిటివ్ జబ్బు ముప్పు, ఆ రెండూ లేనివారి కంటే 21 రెట్లు ఎక్కువ. చాలా దేశాల్లో చదువు తగ్గేకొద్దీ పొగతాగే అలవాటు పెరుగుతుంది కనుక, చదువు తేడాలో కొంత భాగం నిజానికి పొగాకు తేడాయే. కానీ పొగాకును లెక్కలోంచి తీసివేసినా స్వీడన్‌లో ఆ తేడా పూర్తిగా మాయం కాలేదు.

సమాధానం 2 (రాసినవారు: అనుమానపు పక్షి)

పై సమాధానం బాగుంది. అయినా నా పేరుకు తగినట్లు రెండు అనుమానాలు వెలిబుచ్చుతాను.

మొదటిది, అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పలేదు. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో కొత్తగా కీళ్లవాపు వచ్చినవారిని నమోదు చేసిన పరిశోధకులు, సామాజిక వెనుకబాటుకూ జబ్బు రావడానికీ సంబంధం కనిపించలేదని 1996లోనే రాశారు. అయితే వారు కొలిచింది వెనుకబాటు సూచికలను, చదువుకున్న ఏళ్లను కాదు.

రెండోది, ఇలాంటి పోలికల్లో ఎప్పుడూ ఉండే ఇరుకు. జబ్బు ఉన్నవారు ఎలాగూ ఆసుపత్రికి వస్తారు, ప్రశ్నపత్రం నింపుతారు. ఏ జబ్బూ లేనివారికి ఉత్తరం రాసి, దయచేసి పాల్గొనండి అంటే జవాబిచ్చేవారిలో చదువుకున్నవారే ఎక్కువగా ఉంటారు. అప్పుడు ఆరోగ్యవంతుల గుంపు ఉన్నదానికంటే ఎక్కువ చదువుకున్నట్లు కనబడుతుంది, లేని సంబంధం పుట్టుకొస్తుంది. నేను చాలాకాలం ఈ వాదనతోనే విషయాన్ని కొట్టిపారేసేవాణ్ని. కానీ డెన్మార్క్ ఫలితం చూశాక కాస్త వెనక్కి తగ్గాల్సి వచ్చింది. రెండు రకాల రోగులనూ పోల్చింది ఒకే ఆరోగ్యవంతుల గుంపుతోనే కదా, మరి లోపం ఆ ఎంపికలోనే ఉంటే, ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ రకంలోనూ అదే తేడా రావాలి. అక్కడ రాలేదు.

ఇటీవల జన్యువుల ఆధారంగా కూడా ఈ ప్రశ్నను పరిశీలిస్తున్నారు. ఎక్కువ ఏళ్లు చదవడంతో ముడిపడిన జన్యుభేదాలు ఉన్నవారిలో ఈ జబ్బు తక్కువగా ఉందని ఆ పద్ధతిలోనూ తేలింది. దీన్ని చూసి కొందరు "చదువే కారణమని రుజువైంది" అని రాసేస్తున్నారు. అది తొందరపాటు. 2018లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు ఒక తమాషా విషయం కనిపెట్టారు: తల్లిదండ్రుల్లో ఉండి పిల్లలకు సంక్రమించని జన్యుభేదాలు సైతం పిల్లల చదువును ప్రభావితం చేస్తున్నాయి. సంక్రమించని జన్యువు పిల్లల ఒంట్లో పనిచేయలేదు కనుక, అది పనిచేసేది తల్లిదండ్రులు ఏర్పరచిన ఇంటి వాతావరణం ద్వారానే. కాబట్టి జన్యువులతో లెక్క వేసినా, మనం కొలుస్తున్నది చదువునా, ఆ మనిషి పెరిగిన ఇంటినా అన్న చిక్కు విడిపోదు.

చిన్నచెల్లెలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అక్కయ్య ఎన్నడూ పొగ తాగలేదు, ఇంట్లోనూ ఎవరూ తాగరు. చదువు మానేశాక పదిహేడో ఏట నుంచి పదమూడేళ్లు స్పిన్నింగ్ మిల్లులో పని చేసింది. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా దూది నూగు ఉండేది. దీనికేమైనా సంబంధం ఉంటుందా?

సమాధానం 3 (రాసినవారు: లెక్కలపిచ్చి)

మొదటి సమాధానంలోనే పని గురించి అడిగి ఉండాల్సింది, పొగాకు దగ్గరే ఆగిపోవడం నా పొరపాటు. దుమ్ముకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం పాత సంగతే. 1953లో వేల్స్‌లో ఆంథొనీ కప్లాన్ అనే వైద్యుడు, కీళ్లవాతం ఉన్న బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల ఎక్స్‌రేల్లో ప్రత్యేకమైన గుండ్రటి మచ్చలను గుర్తించాడు. ఈనాటికీ ఆ స్థితిని ఆయన పేరుతోనే పిలుస్తారు. రాళ్లు పగలగొట్టేవారు, డ్రిల్లింగ్ చేసేవారు పీల్చే సిలికా దుమ్ము ముప్పును పెంచుతుందని స్వీడన్‌లో తేలింది. మీ అక్కయ్య విషయానికి దగ్గరిది మలేసియా అధ్యయనం. వస్త్ర పరిశ్రమ దుమ్ముకు గురైన మహిళల్లో ఈ జబ్బు ముప్పు గణనీయంగా ఎక్కువని అక్కడి పరిశోధకులు చూపించారు.

మిల్లు దుమ్మే కారణమని ఒక్క మనిషి విషయంలో ఎవరూ తేల్చి చెప్పలేరు. పొగ తాగని, దుమ్ము ఎరుగని ఆడవారికీ ఇది వస్తుంది, అసలు మగవారి కంటే ఆడవారిలోనే రెండు మూడు రెట్లు ఎక్కువ. కానీ మీ అక్కయ్య అడిగిన ప్రశ్నకు నేనైతే ఇలా జవాబిస్తాను: బడి మానడం వల్ల జబ్బు రాదు, బడి మానినవారికి దొరికే పనుల్లో కొన్నింటికి ఆ ముప్పు ఉంది. ఆ పనిలోకి ఆమెను పంపింది ఆమె తెలివితక్కువతనం కాదు.

సమాధానం 4 (రాసినవారు: వార్డు నర్సు)

నేను రుమటాలజీ (కీళ్లజబ్బుల) విభాగంలో పనిచేస్తాను. ఎందుకు వచ్చిందన్న చర్చ కంటే, వచ్చిన తర్వాత చదువు ఏం చేస్తుందన్నది నాకు రోజూ కనబడే విషయం. అమెరికాలో థియోడర్ పింకస్, లీ కాలహన్ 1985లోనే, తక్కువ చదివిన రోగుల్లో వైకల్యమూ మరణాలూ ఎక్కువని రాశారు. నా దృష్టిలో ఆ తేడాకు రోగుల కంటే మేమే ఎక్కువ బాధ్యులం, ఎందుకంటే హడావుడిగా చెబుతాం, అర్థమైందా అని అడుగుతాం, వారు తల ఊపితే తర్వాతి మనిషిని పిలుస్తాం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఈ జబ్బుకు సాధారణంగా మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. దాన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. మాత్రలంటే రోజూ వేసుకునేవే కదా అన్న అలవాటుతో రోజూ మింగి, నోరంతా పుండ్లతో, రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయి వచ్చినవారిని నేను ఒకరికంటే ఎక్కువ మందినే చూశాను. వారిలో ఒకరు డిగ్రీ చదివినవారే. చీటీ మీద వైద్యుడు సరిగానే రాశారు, కానీ ఆ రాతను చదివి వినిపించినవారు లేరు.

మీ అక్కయ్యకు ఆ మందు రాసి ఉంటే, వారంలో ఏ రోజో వైద్యుడితో ఖాయం చేసుకుని, ఆ రోజు పేరును మాత్రల పట్టీ మీద ఆమె చేతనే రాయించండి. ఆ మందు దుష్ప్రభావాలను తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ ఏ రోజు వేసుకోవాలో దాని పట్టీ మీద వేరుగా రాయించండి. కాలేయానికీ రక్తకణాలకూ చేసే పరీక్షల తేదీలు తప్పించవద్దు. లక్షణాలు మొదలైన మూడు నెలల్లోపు మందు మొదలుపెడితే మంచిదంటారు. మీకు ఆరు నెలలు గడిచాయని దిగులు పడకండి, ఇప్పుడు మొదలుపెట్టినా కీళ్లు వంకరపోకుండా ఆపే అవకాశం బాగానే ఉంది.

చిన్నచెల్లెలు

ఆమెకు రాసింది మెథోట్రెక్సేటే. మీరు చెప్పినట్లే వైద్యుడిని అడిగి పట్టీ మీద "బుధవారం" అని రాయించాను. వేళ్లు ఇంకా పూర్తిగా వంగడం లేదు కనుక అక్షరాలు కాస్త పెద్దగా, వంకరగా వచ్చాయి. రాసిన తర్వాత తానే చదివి చూసుకుంది. మిల్లు సంగతి కూడా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ తర్వాత తనతో పాటు పనిచేసిన ఇద్దరి పేర్లు చెప్పి, వాళ్లకు కూడా ఉదయం పూట వేళ్లు పట్టేస్తున్నాయేమో కనుక్కోమంది.