వైఫై ఉంది, నెట్ లేదు: ముందు డీఎన్ఎస్ మార్చాలా, కారణం వెతకాలా?

కిటికీ మూసినవాడు:
ఉబుంటు (లినక్స్) ల్యాప్‌టాప్. వైఫై గుర్తు నిండుగా ఉంది, బ్రౌజర్‌లో ఒక్క పేజీ తెరుచుకోదు. అదే వైఫై మీద ఫోన్ హాయిగా నడుస్తోంది. ఫ్రెండ్ చెప్పాడని డీఎన్ఎస్ (సైట్ పేరుకి అంకెల అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) వివరాలుండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్లో గూగుల్ డీఎన్ఎస్ అంకె 8.8.8.8 రాశాను, వెంటనే వచ్చింది. రీస్టార్ట్ చేశాక మళ్లీ మొదటికే. రోజూ ఇలా రాసుకోవాలా? అసలు ఇది పద్ధతేనా?

రాత్రిబండి:
పద్ధతే. ఫైల్లో కాకుండా సెట్టింగ్స్‌లో పెట్టండి, నిలిచిపోతుంది. పని ఆగిపోయి కూర్చున్నవాడికి ముందు నెట్ కావాలి, పాఠం కాదు.

టెర్మినల్ తాత:
ఒప్పుకోను. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేయడం ఇది. రెండు నిమిషాల పని: టెర్మినల్‌లో ‘ఐపీ ఎడ్రస్’ అనే కమాండ్ కొట్టి ల్యాప్‌టాప్‌కి అడ్రస్ వచ్చిందో లేదో చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదన్నట్టే, డీఎన్ఎస్ జోలికే వెళ్లక్కర్లేదు. అడ్రస్ బాగుంటే ‘ఐపీ రూట్’లో డిఫాల్ట్ అన్నచోట ఉన్న అంకెకు, అంటే రౌటర్‌కి, పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్) కొట్టండి, తర్వాత 8.8.8.8కి. రెండూ పలికి, సైట్ పేరుతో కొడితే పలకకపోతే అప్పుడు డీఎన్ఎస్‌ని అనుమానించాలి. ఇక ఆ ఫైలంటారా, ఉబుంటులో అది మామూలుగా వేరే ఫైలుకి ఒక లింకు మాత్రమే. డీఎన్ఎస్ పని చూసుకునే సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ అనే ప్రోగ్రామ్ దాన్ని తన ఇష్టం వచ్చినట్టు తిరగరాస్తుంది. మీ రాత చెరిగిపోయింది అందుకే.
పైగా ఫోన్ నడుస్తోందంటే రౌటర్ డీఎన్ఎస్ బాగానే ఉన్నట్టు కదా.

రాత్రిబండి:
ఆ చివరి మాట తప్పు తాతగారూ. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒకటుంది. దాంట్లో ఏదైనా సర్వర్ పేరు పెట్టుకుని ఉంటే సైట్ల పేర్లకి ఫోన్ రౌటర్‌ని కాదు, ఆ సర్వర్‌నే అడుగుతుంది. అప్పుడు ఫోన్ సాక్ష్యాన్ని పూర్తిగా నమ్మలేం. నా మటుకు 8.8.8.8 పెట్టి చూడటం కూడా ఒక పరీక్షే.

టెర్మినల్ తాత:
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పరీక్ష అయ్యాక తీసేయాలి. ఉంచేస్తే, రౌటర్‌కి మాత్రమే తెలిసిన, ఇంట్లోని పరికరాల పేర్లు పలకవు.

పాతకీబోర్డు:
వైఫై పవర్ సేవ్ ఆపి చూశారా? నాకు దాంతోనే తీరింది.

టెర్మినల్ తాత:
అది ఆగి ఆగి వచ్చేవాళ్లకండీ. ఈయనకి అసలు రావట్లేదు.

కిటికీ మూసినవాడు:
అన్నీ కొట్టాను. అడ్రస్ 192.168.0.14. రౌటర్‌కి పింగ్ వెళ్తోంది, 8.8.8.8కీ వెళ్తోంది, పేర్లే పలకట్లేదు. ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’లో డీఎన్ఎస్ సర్వర్ 192.168.1.1 అని ఉంది. గేట్‌వే, అంటే రౌటర్ అడ్రస్, చూస్తే 192.168.0.1. అన్నట్టు పోయిన వారం రౌటర్ మార్చాం. అన్నీ వాటంతటవే కలుస్తాయని పాత పేరూ పాస్‌వర్డే పెట్టాం.

టెర్మినల్ తాత:
ఆ ముక్క మొదటే చెప్పొద్దా! పాత రౌటర్ అడ్రస్‌ని ఎవరో చేత్తో పెట్టారు. పేరు మారలేదు కాబట్టి ల్యాప్‌టాప్ ఆ వైఫైకి దాచుకున్న పాత సెట్టింగ్స్‌నే (ప్రొఫైల్) వాడుతోంది. వైఫై సెట్టింగ్స్‌లో ఐపీవీ4 కింద డీఎన్ఎస్ ఆటోమేటిక్ ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసి ఆ అంకె తీసేయండి.

కిటికీ మూసినవాడు:
తీసేసి, వైఫై ఆపి మళ్లీ కలిపాను. వచ్చింది. రీస్టార్ట్ చేశాక కూడా ఉంది. ఆ అంకె ఎప్పుడో నేనే పెట్టి ఉంటాను, వేరే ఎవరూ ముట్టుకోరు దీన్ని.

టెర్మినల్ తాత:
చూశారా రాత్రిబండి గారూ, అప్పటి చిట్కా ఇప్పుడు రోగమైంది.

రాత్రిబండి:
అప్పుడే 8.8.8.8 పెట్టి ఉంటే రౌటర్ మారినా ఆగేదే కాదు కదా!

టెర్మినల్ తాత:
అదీ నిజమే. ఫైల్లో రాయడం మాత్రం ఒప్పుకోను.